మూడో పెట్టెలో ఏడవని పిల్లలు

"అన్నంలో కూడా ఆసుపత్రి వాసనే," అంటూ నిన్న రాత్రి మా ఆయన కంచం పక్కకి నెట్టాడు. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్న చేతులతో వండిన అన్నం అది. ఆయన మాట నాకు అలవాటే. ఆ వాసన నాకు తెలియకపోవడమే భయపెట్టింది.

పదకొండేళ్లుగా పసిపిల్లల వార్డులో ఆయాని. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెల్ని క్రిములు చంపే మందునీళ్లతో తుడవడం నా పని. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను తుడిచిన గదిలోకి వచ్చి మా అత్తగారు గాలి పీల్చేవారు. "వాసన రాకపోతే కడిగినట్టా?" అని మళ్లీ తుడిపించేవారు. అప్పటినుంచి ఏ సీసా పట్టినా చెప్పినదానికన్నా ఒక మూత ఎక్కువే పోస్తాను. మూడో పెట్టె వెనక కిటికీ బిగుసుకుపోయింది, గాలాడని మూల శుభ్రంగా ఉండదని దానికి రెండు మూతలు ఎక్కువ. తుడిచాక మంచినీళ్లతో మళ్లీ తుడిచి ఆరబెట్టాలి. పెట్టె కోసం పిల్లలు వరసలో ఉంటే ఆ తీరిక ఎక్కడిది?

ఈ నెల అందులో పడుకున్న ఇద్దరూ పచ్చబడిపోయారు. "పసిపిల్లలకి కామెర్లు మామూలే," అన్నారు డాక్టరుగారు. నిజమే. కానీ మిగతా పెట్టెల్లో పిల్లలు ఏడుస్తారు. మూడో పెట్టెలో పిల్లలు, పెట్టె వేడెక్కేకొద్దీ, ఎవరో జోకొడుతున్నట్టు మత్తుగా పడుకుంటారు. మంచి పెట్టె అనుకునేవాళ్లం.

ఈ మధ్యాహ్నం ఖాళీగా ఉన్న ఆ పెట్టెని వేడిచేసి, తల లోపల పెట్టాను. ఏ వాసనా లేదు. వెచ్చగా, హాయిగా ఉంది. కాసేపటికి మందు ఆవిరికి కళ్లు భగ్గున మండాయి. నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, కళ్లు ఇంకా చావలేదు.

హెడ్ సిస్టర్‌కి చెప్పాను. "నోరు మూసుకో తల్లీ. తుడిచిందెవరని అడిగితే ఎవరి పేరు చెప్పను? ఇవాళ పుట్టిన కవలల్లో చిన్నదాన్ని తెస్తున్నారు, పెట్టె సిద్ధం చెయ్," అంది. ఇంట్లోనూ అంతే, తప్పు జరిగినప్పుడే నా పేరు గుర్తొస్తుంది.

ప్లగ్గు పీకేశాను. పెట్టె తలుపుకి అడ్డంగా ప్లాస్టరు అంటించి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'ఇందులో బిడ్డని పెట్టకండి. మందు ఎక్కువ పోసింది నేనే.' కింద సంతకం పెట్టాను.

"పిచ్చా నీకు? మరి దీన్నెక్కడ పెట్టమంటావ్?" అని అరిచింది హెడ్ సిస్టర్, బిడ్డని పట్టుకుని.

"పక్కగదిలో వాళ్లమ్మ ఉందిగా సిస్టర్. ఆవిడ గుండెల మీద పెట్టండి."

ఆ గొడవకి బిడ్డ ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడ్చింది. ఈ నెలంతటిలో మూడో పెట్టె పక్కన నేను విన్న మొదటి ఏడుపు అది.