హ్యాండ్ బ్రేకు మీద గదీజా చెయ్యి

ఇరవై రెండేళ్లు వైన్‌బర్గ్ లైన్లో టాక్సీ నడిపాను. బండి ఆగితే హ్యాండ్ బ్రేకు లాగాల్సిందే. నా ఎడమ చేతికి ఎంత అలవాటైందంటే, నన్ను అడగను కూడా అడగదు. ఆ చెయ్యే నా కొంప ముంచింది. కిలార్నీ రేసు ట్రాక్ మీద నా పాత కారును పరిగెత్తించి, లోపలికొచ్చి ఆగగానే లాగేశాను. కాగి ఉన్న కొత్త బ్రేకు ప్యాడ్లు చక్రాల డిస్కులకు అతుక్కుని మచ్చ పెట్టాయి. ఇక బ్రేకు తొక్కితే చాలు, కారంతా వణుకు. అలా రెండు సెట్లు తగలేశాను.

మూడో సెట్టు కొన్నరోజే నా భార్య గదీజా తేల్చి చెప్పేసింది.

"ఇదీ పాడుచేశావో, కారు అమ్మేస్తున్నాం. మా తమ్ముడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఆ డబ్బుతో వంటింటి కప్పు వేయించుకుంటా."

ఆరేళ్లుగా వాన నీళ్లు కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుని వండుతోంది. ఏ మొహంతో కాదనను?

ఆదివారం పొద్దున ట్రాక్ దగ్గర ప్యాడ్లు బిగించిన మెకానిక్ ఇస్గాక్ అన్న, గదీజా తెచ్చిన కొయ్‌సిస్టర్ మిఠాయి నములుతూ, దాని పాకం అంటిన వేలు నా మొహం మీద ఆడించాడు.

"కొత్త ప్యాడ్లు కుదురుకోవాలి. నూట పది వేగంలోంచి బ్రేకు తొక్కి యాభైకి తగ్గించు. పూర్తిగా ఆపకు. మళ్లీ పరిగెత్తించు, మళ్లీ తగ్గించు. ఎనిమిదిసార్లు. తర్వాత రెండు చుట్లు మెల్లగా తిరుగు, గాలికి చల్లారాలి. వచ్చి ఆగాక పెడల్ మీంచి కాలు తీసెయ్. చక్రం కింద ఇటుక నేను పెడతా. హ్యాండ్ బ్రేకు ముట్టుకున్నావో..."

"ముట్టుకోనన్నా."

"పోయినసారీ ఇదే కూశావు."

ఇంతలో గదీజా హెల్మెట్ పెట్టుకుని పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. ఏనాడూ ట్రాక్ మీదికి రాని మనిషి!

"నువ్వెందుకు?"

"చూద్దామని."

ఏం చూద్దామనో నాకు తెలియదా? నేను ప్యాడ్లు పాడుచేస్తే తన వంటింటి కప్పు వచ్చేస్తుందని. నాకు ఒళ్లు మండింది.

ఎనిమిదిసార్లూ చెప్పినట్టే చేశాను. మాడు వాసనకు గదీజా దగ్గింది. మెల్లగా తిరుగుతుంటే పక్కనుంచి దూసుకుపోతూ ఒకడు చెయ్యూపి వెక్కిరించాడు. పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. లోపలికొచ్చి కారు ఆపాను. ఆపానో లేదో, నా దరిద్రపు ఎడమ చెయ్యి కిందికి పోయింది.

హ్యాండ్ బ్రేకు దొరకలేదు. గదీజా చెయ్యి దొరికింది. రెండు చేతులతో ఆ బ్రేకును కప్పేసి కూర్చుంది.

"తియ్యి చెయ్యి," అంది. "పెడల్ మీంచి కాలు కూడా తియ్యవయ్యా. ఆయన అంతసేపు చెప్పింది ఎవరికి?"

ఇస్గాక్ అన్న ఇటుక పెడుతూ పకపకా నవ్వాడు. ఆ రోజంతా తిరిగాను. ఎంత వేగంలో తొక్కినా బ్రేకు ఒకేలా పట్టింది, ఇసుమంత వణుకు లేదు. నాకు మాత్రం ఒకటే అంతుపట్టలేదు. ఆమె ఊరికే కూర్చుని ఉంటే కప్పు వచ్చేసేది.

ఇంటికి వస్తూ అడిగేశాను.

"ఎందుకు ఆపావు?"

"కారు లేకపోతే ప్రతి ఆదివారం ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తావు," అంది. మళ్లీ తనే, "నీ మొహం అలా వాడిపోతే నేను చూడలేను," అంది.

ఇలాంటి మనిషినా నేను అనుమానించింది! సిగ్గేసింది. ఆమె నా పక్కన ఉన్నందుకు ఆ పైవాడికి వెయ్యి దండాలు పెట్టుకున్నాను.

ఇంటి ముందు కారు ఆపాను. ఎడమ చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇప్పుడు లాగొచ్చులే," అంది గదీజా.

లాగాను. దిగి, బట్టలైనా మార్చుకోకుండా, పక్కింటివాళ్ల నిచ్చెన అడిగి తెచ్చి, ఎక్కడ కారుతోందో చూసి బాగుచేద్దామని వంటింటి కప్పు మీదికెక్కాను.