ఒక్కపొద్దు నొప్పి

చేతికి మైకు వస్తే మునిప్రసాద్‌కు ఎదురులేదు. ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పిన గొంతు. విశ్వాసం, విజ్ఞానం అని చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఎక్కడ సభ పెట్టినా ఆయన్నే పిలుస్తారు. ఏడాదిగా అన్ని సభల్లోనూ ఒకటే ఉదాహరణ. చనిపోయిన భార్య అక్కమ్మ.

ఈ రోజు చంద్రగిరిలో.

"పెరటాసి నెలలో వెంకన్న శనివారాలు. ఒక్కపొద్దు ఉండి, ఉత్త కాళ్లతో గోవిందా అని ఇంటింటికీ తిరిగి భిక్ష బియ్యం అడుక్కునేది. నిరుడు మూడో శనివారం పోయింది. ఆమెను చంపింది జబ్బు కాదు, ఉపవాసం!"

చప్పట్లు. పెళ్లాం చావుకు చప్పట్లు కొట్టించుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

ముందు వరసలో అక్కమ్మ అక్క భారతమ్మ కూర్చుని ఉంది. ఈ శనివారం ఆమెకూ ఒక్కపొద్దే. నుదుట నామం, ఒళ్లో భిక్ష చెంబు, అందులో సగానికి బియ్యం. చెల్లెలి గురించి మరిది ఏం వాగుతున్నాడో చెవులారా వినాలని వచ్చింది. గుడ్లురిమి చూస్తున్న మనిషి ఉన్నట్టుండి ఎడమ భుజం రుద్దుకుంది. తర్వాత దవడ. చెమటకు నామం కరిగి ముక్కు మీదికి దిగింది.

మునిప్రసాద్ మాట ఆగిపోయింది.

ఇది ఆయన చూసిందే. నిరుడు, వంటింటి గడపలో. "భుజం లాగతా ఉండాది, ఆసుపత్రికి పోదామా" అంది అక్కమ్మ. "కడుపు మాడ్చుకుంటే లాగదా? నీ గోవిందుణ్ణే అడుగు" అని గ్యాసు మాత్ర చేతిలో పెట్టి, రేణిగుంటలో ఉపన్యాసానికి పోయాడు. తిరిగొచ్చేసరికి గడపలోనే ఒరిగిపోయి ఉంది. మాత్ర గుప్పిట్లోనే ఉంది.

మైకు పడేసి కిందికి దిగాడు. "ఆటో పిలవండప్పా!"

సభ పెట్టిన లెక్చరర్ ధనంజయ నవ్వాడు. "ఏం కాదు సార్, ఒక్కపొద్దు నొప్పి. మీరే గదా సెప్పినారు. మజ్జిగ తాపిస్తే సరి."

"గోవిందుడే అంబులెన్సు తోలుకోని వస్తాళ్లే!" వెనక నుంచి ఎవరో అన్నారు. సభ గొల్లుమంది. ఆయన నేర్పిన నవ్వే.

"నాకు తెలీదు! అదేం నొప్పో నాకు తెలీదు!"

మైకు లేకపోయినా మునిప్రసాద్ అరుపు చివరి వరస దాకా వినిపించింది. నవ్వు ఆగింది.

ఆటో తిరుపతి దారి పట్టింది. గతుకు గతుక్కీ చెంబులో బియ్యం చిందుతున్నాయి. భారతమ్మ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా, తడిగా ఉంది.

"ప్రసాదూ... ఆ పొద్దు దానికీ ఇట్లే ఉన్నిందా?"

ఏడాదిగా చెబుతున్న అబద్ధం నాలుక మీదే ఉంది.

"ఉన్నింది వదినా. ఆసుపత్రికి పోదామనింది. ఉత్త గ్యాసు, నాకు తెలుసు అనినాను."

ఆమె చెయ్యి లాక్కుంది. కళ్లు మూసుకుని, "గోవిందా" అంది సన్నగా.

పక్కనున్నవాళ్లు బదులు పలకాలి. ఆటో తోలుతున్నవాడు తల తిప్పకుండా పలికాడు. "గోవిందా!"

మునిప్రసాద్‌కు పట్టుకోవడానికి ఆటో కమ్మీ ఒక్కటే మిగిలింది.