ఫ్రీ త్రోకి ఆది తాళం

మా కాలేజీ జిమ్‌లో పడమటి గోడకి, బాగా ఎత్తున, ఏడు కిటికీలున్నాయి. ఫిబ్రవరిలో సాయంత్రం నాలుగయ్యేసరికి వాటిలోంచి దిగిన ఎండ బాస్కెట్‌బాల్ కోర్టు మీద మెల్లగా పాకుతూ ఫ్రీ త్రో గీత దాకా వస్తుంది. ఆ కాసేపూ నేనెక్కడున్నానో నాకు తెలియదు. బంతి చప్పుడొక్కటే వినబడుతూ ఉంటుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళ కోచ్, పన్నెండుమంది ఆడపిల్లల మధ్య విజిల్ మెడలో వేసుకుని కలలు కంటోందంటే జీతమిచ్చేవాళ్ళు ఊరుకోరు. అయినా కంటాను.

వచ్చే కల ఎప్పుడూ ఒకటే. పోలండ్‌లో ఒక ఫైనల్. ప్రొఫెషనల్‌గా నేను ఆడిన ఎనిమిదేళ్ళకీ అదే ఆఖరి ఆట. ఆఖరి సెకన్లలో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నాకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి, ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర ఒంటరిగా నిలబడి వేసేవి. మొదటిది పడింది. రెండోది రింగు చుట్టూ తీరిగ్గా తిరిగి, బయటికి వచ్చేసింది.

ఫ్రీ త్రో వెయ్యడం నాకు ఏ కోచూ నేర్పలేదు. మా అమ్మ భానుమతి అమెరికాలోని ప్లేనోలో మా ఇంటి హాల్లో శనివారాలు పిల్లలకి సంగీతం చెప్పేది. నేను ఓ మూల బంతి పట్టుకుని కూర్చునేదాన్ని. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. దెబ్బ పడ్డచోటల్లా బంతిని నేలకేసి కొట్టాలి, వేళ్ళ దగ్గర ఊపిరి తీసుకోవాలి, ఎనిమిదో లెక్కకి బంతి వదలాలి. పదేళ్ళప్పుడు నాకు నేనే పెట్టుకున్న పద్ధతిది. నాలుగు దేశాల్లో అన్నం పెట్టింది. పోలండ్‌లో మాత్రం జనం గోలకి బెదిరిపోయి ఏడుకే వదిలేశాను. నాకలాగే గుర్తు.

అందుకే కోచ్‌నయ్యాక మొదటి రోజే అందరికీ ఎనిమిది లెక్క పెట్టాను. బెంచీ దగ్గర నిలబడి మూడు దెబ్బలకీ నేనే చప్పట్లు కొడతాను. అవతలి జట్లు నవ్వుతాయి. నవ్వుకోనీ, మా పిల్లలకి ఫ్రీ త్రోలు పడుతున్నాయి కదా.

పడనిది ఇషాకే. శాన్ రామన్ అనే ఊరి నుంచి వచ్చింది, జట్టు మొత్తంలో తెలుగు పిల్ల అదొక్కతే. హైస్కూల్లో ఒక్కసారి బంతి కొట్టి టక్కున వేసేది, పదికి తొమ్మిది పడేవి. నా చేతిలో పడ్డాక ఆరు.

గురువారం మధ్యాహ్నం నా ఆఫీసులోకి వచ్చి కూర్చోకుండానే చెప్పింది.

"కోచ్, ఐ యామ్ సారీ. సీజన్ అయిపోయాక ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో నేమ్ పెట్టేస్తాను."

వేరే కాలేజీకి వెళ్ళిపోతానని దాని అర్థం.

"ఎందుకు? ఫ్రీ త్రోలు పడట్లేదనా? లెక్క వదలకుండా ప్రాక్టీస్ చెయ్యి, అవే పడతాయి."

"మీ కౌంట్ మిడిల్‌లో నేను థింక్ చేయడం స్టార్ట్ చేస్తాను, ఆంటీ. థింక్ చేస్తే పడదు."

"ఇక్కడ ఆంటీ ఎవరూ లేరు."

"సారీ, కోచ్."

వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. అలాంటి చెయ్యి నా కోచింగ్‌లోకి మళ్ళీ రాదు. దాన్ని పోగొట్టుకుంటే పోలండ్ ఇంకోసారి జరిగినట్టే.

ఆ సాయంత్రం అమ్మ ప్రాక్టీస్ చూడ్డానికి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళొచ్చినా కారు తనే నడుపుతుంది, వద్దంటే నా డ్రైవింగ్‌కి వంకలు పెడుతుంది. ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఇషా వంకే చూస్తోంది.

"ఆ పిల్లని ఎందుకే అలా సతాయిస్తావు?"

"దానికి తొందరెక్కువమ్మా. నాలాగే అవుతుంది. నేను ఏడుకి వేసి ఫైనల్ పోగొట్టుకోలేదూ?"

అమ్మ నా వైపు వింతగా చూసింది.

"ఏడుకా? ఎవరు చెప్పారే నీకు? నేను లాప్‌టాప్‌లో చూస్తూ తాళం వేస్తూనే ఉన్నాగా. ఎనిమిదికే వేశావు. ఎంత చక్కగా వేశావనీ! పడలేదు, అంతే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే కదా. ఆ ఆట మాటెత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేదానివి."

ఎండ గీత దాటిపోయింది. ఎవరో బంతి కొడుతున్నారు, ఎక్కడో దూరంగా నిద్రలో విన్నట్టుంది. ఆరేళ్ళ నుంచి నేను చెయ్యని తప్పుని వేరేవాళ్ళ పిల్లల చేతుల్లో దిద్దుతున్నాను. సిగ్గేసింది. బెంగ కూడా వేసింది. తప్పంటూ ఉంటే దిద్దుకోవచ్చు. అన్నీ సరిగ్గా చేసినా పడలేదంటే ఇక నేను ఏం చెయ్యను?

శనివారం మధ్యాహ్నం సొంత జిమ్‌లో ఆఖరి ఆట. మూడు సెకన్లున్నాయనగా ఒక్క పాయింట్ వెనకున్నాం. ఇషాని తోసేశారు. రెండు ఫ్రీ త్రోలు.

అది గీత దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం చప్పట్ల కోసం నా వైపు చూసింది. నేను కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఇషా కనుబొమలు పైకి లేచాయి. నేను తల ఊపాను.

ఒక్కసారి కొట్టింది. వేసింది. పడలేదు.

నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు. లేచి మూడు చప్పట్లు కొడితే చాలని ఒళ్ళంతా గోలపెట్టింది. చేతుల మీద ఇంకా బరువేసి కూర్చున్నాను. పై మెట్ల మీద కూర్చుని ఆట చూస్తున్న అమ్మ రెండు చేతులూ శాలువాలో దాచుకుంది.

ఇషా మళ్ళీ నా వైపు చూడలేదు. ఎండలోకి అరడుగు జరిగింది. ఒక్కసారి కొట్టింది.

నేను కళ్ళు మూసుకున్నాను. లెక్కపెట్టలేదు. బంతి గాల్లో ఉన్నంతసేపూ నాకు పోలండ్ గుర్తు రాలేదు. తరవాత వల కదిలిన చప్పుడు, దాని వెనకే జిమ్మంతా కేకలు.

స్కోరు సమానమైంది. ఓవర్‌టైమ్, ఇంకో అయిదు నిమిషాలు ఆడాలి. పిల్లలందరూ నా చుట్టూ మూగారు. ఇషా నీళ్ళు తాగుతూ నా చేతుల వంక చూసింది. కుర్చీ అంచు అచ్చు వాటి మీద ఎర్రగా పడింది.

"క్లాప్ చేయలేదు మీరు," అంది.

"చేతులు ఖాళీ లేవు."

సీసా మూత తిప్పుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నెక్స్ట్ ఇయర్ కూడా ఇలాగే కూర్చుంటారా, ఆంటీ?"

"కూర్చుంటాను," అన్నాను.

ఈసారి ఆంటీ అన్నందుకు కసరలేదు.