సున్నా నంబరు విద్యార్థి

పదకొండో కంప్యూటరు మీది గుడ్డ తీసి మడతపెడుతుండగా ఎడమ చెయ్యి మళ్ళీ లాగింది. మోచేతి దాకా నొక్కుకుని, ఆయన పన్నెండోదాని దగ్గరికి జరిగాడు. కాలేజీ ల్యాబులో మొత్తం ముప్ఫై రెండు కంప్యూటర్లు. వాటిలో మూడు పనిచెయ్యవు, అయినా గుడ్డలు మాత్రం అన్నిటికీ ఉన్నాయి. వాటిని నెలకోసారి ఇంటికి పట్టుకుపోయి ఉతికి తెచ్చేది కూడా ఆయనే. మనిషి పొట్టి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే నల్లదారం చుట్టి నడిపిస్తున్నాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక మార్కరు. పాస్‌వర్డు మరిచిపోయినప్పుడు తప్ప పిల్లలకు ఆయన గుర్తు రాడు కాబట్టి, పాస్‌వర్డు బాబాయి అనే పేరు ఖాయమైపోయింది.

గుడ్డల పని అయ్యాక చేతిసంచిలోంచి గాజుసీసా తీశాడు. ఒకప్పుడు కాఫీపొడి ఉండే సీసా. అడుగున మూడోవంతు మట్టి, పైన నీళ్ళు. బాగా కుదిపి కిటికీ పక్కన తన బల్లమీద పెట్టాడు. రెండు నిమిషాల్లో ఇసుక అడుక్కి దిగింది. మార్కరుతో గాజు మీద అక్కడొక గీత గీశాడు.

పొద్దున పెరట్లో ఆ మట్టి తవ్వుతుంటే అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నువ్వు చదవకుండానే పోగొట్టుకున్నావురా. ముందు ఆ చెయ్యి డాక్టరుకి చూపించుకో."

"ఈ వారం గడవనీ అక్కా."

చదవకుండానే అన్న మాట నిజమే. డిగ్రీ రెండో ఏడులో ఉండగా నాన్న పోయాడు. అక్క కుట్టుమిషను ఒక్కటే ఇల్లు లాగలేకపోయింది. ఆర్నెల్లు ఏదో పనిచేసి మళ్ళీ చేరదామనుకున్నాడు. ఆ ఆర్నెల్లూ ముప్ఫై ఆరేళ్ళయ్యాయి.

కాలేజీ పాఠాలన్నీ పోర్టల్‌లోకి ఎక్కినప్పటి నుంచి ఆయనకు ఇంకో పని తగులుకుంది. ప్రతి కోర్సులోనూ పిల్లల జాబితా చివర, సున్నా నంబరుతో, 'నమూనా విద్యార్థి' అని ఒకడుంటాడు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో వాడిలో చదువూ అంతే. ఆ పేరుతో లోపలికి వెళ్ళి పాఠాలు తెరుచుకుంటున్నాయా, రాసిన జవాబు చేరుతోందా అని చూడాలి. జవాబు రాసేచోట 'అఆఇఈ' అని కొట్టి, చేరిందని చూసి చెరిపేసేవాడు. ఎనిమిదేళ్ళు అలాగే చేశాడు.

ఈ ఏడాది నేలల కోర్సు దగ్గర చెయ్యి ఆగింది. 'మీకు బాగా తెలిసిన నేల గురించి ఒక పేజీ రాయండి' అని ప్రశ్న. ఆయనకు బాగా తెలిసిన నేల ఒక్కటే, ఇంటి పెరడు. వాన వెలిసిన నాలుగో రోజుకి అది ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పగులుతుందో, అక్క పారబోసే కుట్టుదారాలు ఆ పగుళ్ళలోకి ఎలా దిగిపోతాయో రాశాడు. చెరపబుద్ధి కాలేదు.

ఆ కోర్సు చెప్పే మేడమ్ కొత్తగా చేరింది. సున్నా నంబరు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. దిద్దేవాళ్ళ తెర మీద నంబర్లే కనిపిస్తాయి, పేర్లు కాదు. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఇరవైకి పదిహేడు. కింద రెండు వాక్యాలు: 'నేలను ఇలా చూసేవాళ్ళు తక్కువ. రెండో ప్రశ్న కూడా తప్పకుండా రాయండి.' చదివి, వెళ్ళి ల్యాబు తలుపు వేసి వచ్చి, మళ్ళీ చదివాడు. సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. సిగ్గే ఒక పాలు ఎక్కువ. రెండోది రాశాడు, మూడోది కూడా. నాలుగోది ఈ సీసా. ఇసుక, ఒండ్రు, బంకమన్ను వరసగా అడుక్కి దిగాక ఆ మూడు పొరలూ కొలిచి, పేరూ నంబరూ అంటించి, స్వయంగా తెచ్చి చూపించాలి.

మధ్యాహ్నం మేడమే ల్యాబుకు వచ్చింది. ఆయనకు కూతురుంటే ఆ వయసుండేది.

"బాబాయిగారూ, నా క్లాసు జాబితాలో చివరన సున్నా నంబరు అబ్బాయి మీకేమైనా తెలుసా? అందరికంటే బాగా రాస్తున్నాడు. హాజరు మాత్రం సున్నా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలుసమ్మా. కొంచెం మొహమాటస్తుడు."

"హాజరు లేనివాళ్ళ పేర్లు ఈ సాయంత్రం తీసెయ్యమన్నారు. ఐదులోపు సీసా పట్టుకుని నా గదికి రమ్మనండి. వస్తే నేను మాట్లాడి పేరు నిలబెడతాను."

"బంకమన్ను దిగడానికి రేపటిదాకా పడుతుంది కదమ్మా."

ఆమె ఆయన వైపు ఒకసారి చూసింది. "దిగకపోయినా పరవాలేదు. మనిషి వస్తే చాలు. నేనేం కరవనని చెప్పండి."

"చెబుతానమ్మా," అన్నాడు. నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె సగం మెట్లు దిగిపోయాక పిలుద్దామనుకున్నాడు, పిలవలేదు. యాభై ఆరేళ్ళవాడు అబ్బాయినంటే నవ్వుతుందేమోనని భయం. నవ్వకుండా జాలిపడితే అది ఇంకా కష్టం.

మూడింటి నుంచి పిల్లలు ఎగబడ్డారు. గడువు నాలుగింటికి. నెలరోజులు ఊరుకుని, చేతులు కాలాక ఆకుల కోసం వచ్చినవాళ్ళే అందరూ. ఒకరికి పాస్‌వర్డు లేదు, ఒకరు వేరే కోర్సులో జవాబు పెట్టేశారు. ఒకమ్మాయి ఫొటోలు మరీ పెద్దవి, పోర్టల్ తీసుకోవడం లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు. ఆయన పక్కన కూర్చుని ఫొటోలను ఒక్కొక్కటే చిన్నవి చేసి, నాలుగింటికి రెండు నిమిషాలుండగా పంపించాడు.

"చేరిందా బాబాయ్?"

"చేరింది. ఇంటికెళ్ళి అన్నం తిను."

అందరూ పోయాక సీసా చూశాడు. ఇసుక మీద ఒండ్రు ఒక వేలెడు దిగింది. రెండో గీత గీశాడు. తెల్లకాగితం ముక్క కత్తిరించి ఏదో రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాసి సీసాకు అంటించాడు. సున్నా నంబరుతో పోర్టల్‌లోకి వెళ్ళి ఆ రెండు కొలతలూ ఎక్కించేసరికి గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. మేడమ్ గది కింది అంతస్తులో, పద్దెనిమిది మెట్లు. వెళదామనే లేచాడు. చెయ్యి మరీ లాగేస్తోంది, వీపులోకి కూడా పాకింది. చెమటలు తగ్గాక వెళ్ళొచ్చని మళ్ళీ కూర్చుని, బల్లమీద తల ఆనించాడు.

అరగంట ఎవరూ ఏమీ నొక్కకపోతే పోర్టల్ దానంతట అదే మనిషిని బయటికి పంపేస్తుంది. ఐదూ పదికి ఆయన ముందున్న తెర మీద నమూనా విద్యార్థి పేరు పోయి, పేరుకొకటి, పాస్‌వర్డుకొకటి ఖాళీ గడులు రెండు మిగిలాయి.

ఐదున్నరదాకా ఎదురుచూసి మేడమ్ పైకి వచ్చింది. నిద్రపోతున్నాడనుకుని మెల్లగా పిలిచింది. తర్వాత గట్టిగా పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది, వెంటనే తీసేసింది.

కబురందుకుని అక్క వచ్చింది. "చూపించుకోమంటే విన్నావుట్రా," అని ఒక్కసారి అని, ఆ ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. ఆయనను తీసుకువెళ్ళాక గదికి తాళం వెయ్యడానికి మేడమ్ ఒక్కతే మిగిలింది. అప్పుడు కనిపించింది సీసా. దాని మీద కాగితంలో 'నంబరు: సున్నా' అని ఉంది. కింద 'నమూనా విద్యార్థి' అన్న మాట కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో ఆయన సొంత పేరు రాసి ఉంది. ఆమె సీసాను కదపకుండా అక్కడే ఉంచి, దీపం ఆర్పింది.

గాజు మీద గీతలు రెండే ఉన్నాయి. పైన నీళ్ళు ఇంకా తేరుకోలేదు.