పంచె అవతలి మనిషి

నేను ఒక స్లైడ్ ప్రొజెక్టర్‌ని. విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టె పక్కన పడివున్నాను. పడివున్నందుకు కాదు నా మంట. నా వెలుగులోనే ఒక పెద్దావిడకు అన్యాయం జరిగింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నన్ను కొన్న పైడిరాజు పోర్టులో గుమాస్తా. సెలవొస్తే కెమెరా మెడలో వేసుకుని తిరిగే మనిషి. కొత్తలో, కెమెరాల కొట్టులో గంటన్నర నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫ్యాను చప్పుడు విన్నాడు. స్లైడ్లు అమర్చే గుండ్రటి పళ్లెం, తీగ ఉన్న రిమోటు, అదనంగా ఒక బల్బు తీసుకున్నాడు. తెర మాత్రం వచ్చే ఆదివారం పంపిస్తామన్నారు. స్లైడు తిరగబడితే కుడి ఎడమైపోతుంది, ప్రతిదాని మూలన ఒక చుక్క పెట్టుకోండి బాబూ అని కొట్టాయన చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నవాడికి చుక్కలు నేర్పుతావా అని పైడిరాజు నవ్వేశాడు. పనికొచ్చే మాట ఊరికే వస్తే మనుషులకు ఆనదు.

ఆ సాయంత్రమే హాలుకీ వంటింటికీ మధ్య గుమ్మానికి పల్చటి తెల్లపంచె కట్టి, పైడిరాజు అత్తగారు నరసాయమ్మను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ భర్త పోయి మూడేళ్లు. ఆయనకున్న ఫొటో ఒక్కటే, ఏదో పెళ్లి భోజనాల్లో పైడిరాజు స్లైడుగా తీసింది. దాన్ని చూడటానికే ఆవిడ అనకాపల్లి నుంచి వచ్చింది.

సరిగ్గా ఆ స్లైడునే తిరగేసి పెట్టాడు మహానుభావుడు.

"మీ బాబు కాదే ఈయన," అంది నరసాయమ్మ కూతురు వరాలుతో. "ఎడంచేత్తో తింతన్నాడేటి?"

అల్లుడు నవ్వాడు. వరాలు తల్లికేసి జాలిగా చూసింది. పెద్దతనం, మతి తప్పుతోందని గుసగుసలు మొదలయ్యాయి. తప్పెవరిదో తెలిసిన నాకేమో నోరు లేదు.

ఆవిడ చిన్నబుచ్చుకుని, మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. అక్కణ్ణుంచి ఇటు తిరిగి ఆగిపోయింది. పంచెకు అవతలి వైపు నుంచి చూస్తే తిరగబడ్డ బొమ్మ సరిగ్గా ఉంది. కుడిచేతిలో ముద్ద, కుడి కనుబొమ మీద మచ్చ.

"ఇటొచ్చి సూడవే వరాలూ. ఇక్కడున్నాడు మీ బాబు."

ఒక్కరూ లేవలేదు. నాలుగంటే నాలుగడుగులు వేస్తే తెలిసిపోయేది. మావగారిని పంచె చాటున వెతుకుతోందని అల్లుడు మళ్లీ నవ్వాడు. ఎంత ఒళ్లు మండిందో నాకు.

ఆదివారం తెర వచ్చింది. దళసరిది, వెనక నల్లరంగు పూసినది. దాన్నీ అదే గుమ్మానికి వేలాడదీసి, ఆ స్లైడునే మళ్లీ అలాగే పెట్టాడు. నరసాయమ్మ ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లి నిలబడింది. నా వెలుగు ఆ నలుపు దాటి పోలేదు. ఆవిడ చాలాసేపు చూసి ఇవతలికి వచ్చింది.

"మీ బాబు ఈయేల రానేదేటే?" అని కూతుర్ని అడిగింది.

ఆ మాటతో ఆవిడకు మతి పోయిందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. పైడిరాజు నా చేత తర్వాతి స్లైడు వేయించాడు.