చీము పట్టని గాయం

ల్యాబులో ఆమెను అందరూ లెక్కలక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తకణాలు లెక్కపెట్టడమే ఆమె పని. బస్సెక్కినా ఎదుటివాళ్ల చొక్కా గుండీలు లెక్కపెడుతుందని తోటివాళ్లు ఆటపట్టిస్తే, "నీ గుండీ ఒకటి ఊడింది, ముందది కుట్టించుకో" అనేది. యంత్రం ఇచ్చిన అంకె మీద అనుమానం వస్తే డాక్టర్లు ఆమెనే అడిగేవారు. ఆమె చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు.

ఆ మధ్యాహ్నం చెల్లెలు చిట్టి ఫోన్ చేసినప్పుడు కూడా ఆమె ఎడమచెయ్యి కణాలు లెక్కపెట్టే కౌంటరు మీటల మీదే ఉంది.

"అక్కా, బుజ్జిదానికి బొడ్డు ఇంకా ఊడలేదే. ఇవాళ్టికి ముప్పై ఆరు రోజులు."

"చుట్టూ ఎర్రబడిందా?"

"కాస్త ఎర్రగానే ఉంది. కానీ చీము లేదులే. చుక్క కూడా లేదు. అదొక్కటీ నయం."

లెక్కలక్క చెయ్యి మీటల మీద ఆగిపోయింది. ఎక్కడిదాకా లెక్కపెట్టిందో మరిచిపోయింది. అలా ఆమెకు ఎప్పుడూ జరగలేదు.

రెండేళ్ల క్రితం చిట్టి ఇవే మాటలు అన్నది. అప్పుడు పుట్టినవాడు పండు. వాడికీ బొడ్డు ఆలస్యంగానే ఊడింది. ఊడిన చోట పుండు పడింది. మానలేదు, చీమూ పట్టలేదు. చూసినవాళ్లంతా పుండు శుభ్రంగా ఉందని సంతోషించారు. అయిదో నెలలో జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చాక, వాడి రక్తం లెక్కలక్క ల్యాబుకే వచ్చింది. తెల్లకణాలు అరవై ఎనిమిది వేలు. ముందు రక్త క్యాన్సరేమోనని అందరూ భయపడ్డారు. ఆమె స్లయిడు మీద ఒక్కో కణాన్నీ పట్టిపట్టి చూసింది. అన్నీ ఎదిగినవే, ఆరోగ్యమైనవే. క్యాన్సర్ కాదని తేల్చి, వార్డు బయట బెంచీ మీద ముడుచుకు కూర్చున్న చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి చెప్పింది: "వాడి ఒంట్లో సైన్యం దండిగా ఉందే. భయం లేదు."

ఆ మాటన్న పదకొండో రోజున పండు పోయాడు.

ఫోన్ పెట్టేసి లెక్కలక్క బీరువా తెరిచింది. అరుదుగా కనిపించిన స్లయిడ్లను ఒక పెట్టెలో దాచడం ఆమె అలవాటు. పండుది అందులోనే ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది. రెండేళ్లయినా రంగు వెలవలేదు. కణాలు ముచ్చటగా ఉన్నాయి. ఇన్ని వేలమంది రక్తంలో తిరుగుతుంటే, పుండులోకి ఒక్కడూ ఎందుకు రాలేదు? చీమంటే పుండులో పోరాడి చచ్చిన తెల్లకణాలే కదా. చీము లేదంటే, అక్కడికి ఎవరూ వెళ్లలేదని. ఇది ఆమె చదువుకున్న సంగతే. మొదటి ఏడాది పాఠం. అప్పుడు తట్టలేదు.

మర్నాడు ఉదయమే చెల్లెలి ఇంటికి వెళ్లి బుజ్జిదాని రక్తం తీసింది. చిట్టి మొగుడు బ్రెడ్డు కంపెనీలో వ్యాను నడుపుతాడు. "చిన్న పరీక్షే కదా వదినా?" అన్నాడు పాలపీక కడుగుతూ. "చిన్నదే" అంది. ఆ రక్తాన్ని చల్లపెట్టెలో పెట్టుకుని, మూడు గంటలు ప్రయాణం చేసి, పెద్దాసుపత్రిలో పిల్లల రక్తవ్యాధులు చూసే డాక్టరమ్మ చేతికి ఇచ్చింది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. డాక్టరమ్మ తన గదిలో కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పింది.

"తెల్లకణం రక్తనాళంలో కొట్టుకుపోతూ ఉంటుంది. ఎక్కడైనా సూక్ష్మజీవి చేరితే, అక్కడ నాళం గోడని పట్టుకుని ఆగాలి. అందుకు దాని పొర మీద కొక్కేల్లాంటివి ఉంటాయి. కొక్కెం పడితేనే లోపలున్న సన్నటి పోగులు బిగుసుకుని కణాన్ని చదును చేసి, గోడ సందుల్లోంచి బయటికి లాగుతాయి. ఈ పాప కణాలకి కొక్కేలు లేవు. పోగులు బాగానే ఉన్నాయి, కానీ పట్టు లేకుండా అవేం చేస్తాయి? పిలుపు వినపడుతుంది, ఆగలేవు. అందుకే రక్తంలో అంత రద్దీ, పుండులో ఎవరూ ఉండరు."

"మైక్రోస్కోపులో కనపడదా?"

"కనపడదు. అందులో అన్నీ బాగానే ఉంటాయి." డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని తలెత్తింది. "అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపం వస్తేనే ఈ జబ్బు వస్తుంది. వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. పాపకి ముందు ఇంకెవరైనా పుట్టారా?"

లెక్కలక్క చెప్పింది. పుండు గురించి, అరవై ఎనిమిది వేల గురించి, తాను చూసిన స్లయిడు గురించి. భయం లేదన్న మాట గురించి మాత్రం చెప్పలేదు.

"ఆ రోజు డాక్టర్లకీ తట్టలేదు కదమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమెకేమీ ఊరటనివ్వలేదు. వార్డులో వాళ్లు పుండు చూశారు, ల్యాబులో వాళ్లు కణాలు చూశారు. రెండూ చూసిన మనిషి తనొక్కతే.

చెల్లెలికి చెప్పకుండా ఉండొచ్చు. పాప జబ్బు గురించి చెబితే చాలు, పండు పేరు ఎత్తక్కర్లేదు. దారంతా ఆ ఆలోచనే. కానీ చిట్టి అంత తెలివితక్కువది కాదు. అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్లు. జడలు వేసి, అన్నం పెట్టి, బడికి పంపి పెంచింది తనే. దాని ముందు అబద్ధం ఎప్పుడూ నిలవలేదు.

ఆ రాత్రి చిట్టి అంతా విన్నది. ఒళ్లో పాపని ఊపుతూనే ఉంది.

"అయితే పండుకీ ఇదే."

"ఇదే."

"అప్పుడు తెలిసుంటే?"

"ఎముక మూలుగ మార్చేవాళ్లు. బతికేవాడేమో."

"ఏమో కాదు. సరిగ్గా చెప్పు."

"ఎక్కువమంది బతుకుతున్నారట."

చిట్టి పాపని మొగుడి చేతికిచ్చి లేచింది. "వాడి రక్తం స్లయిడు నీ దగ్గర దాచావన్నావుగా. నాకు చూపించు."

ల్యాబులో అందరూ ఎప్పుడో వెళ్లిపోయారు. స్టూలు ఎత్తు తగ్గించి, లెన్సు సరిచేసి, చెల్లెల్ని కూర్చోబెట్టింది. చిట్టి రోజూ బడిపిల్లల బట్టలు కుడుతుంది. చిన్న సూదికి దారం ఎక్కించేటప్పుడు చూసినట్టే ఒక కన్ను మూసుకుని చూసింది.

"ఊదారంగువేనా?"

"అవే."

"ఇవన్నీ వాడివేనా?"

"వాడివే."

చిట్టి అంది, "ఎంత బాగున్నాయక్కా." ఆమె లెన్సు నుంచి ముఖం తీయలేదు. స్లయిడు అంచున అంటించిన చీటీని, దాని మీద అక్క చేతిరాతని, వేలితో నిమురుతోంది. వాడి బట్టలన్నీ ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. ఒక ఫొటో, ఒక దుప్పటి, ఇదీ. వాడి ఒంట్లోంచి మిగిలింది ఇదొక్కటే.

"నువ్వే కదక్కా చెప్పావు, భయం లేదని." గొంతు పెంచలేదు. "ఆ రాత్రి నేను నిద్రపోయాను. ఆసుపత్రిలో చేరాక నేను నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే. నువ్వు చెప్పావనే నిద్రపోయాను. వాడు మేలుకునే ఉన్నాడట, నర్సు చెప్పింది."

లెక్కలక్కకు క్షమించమనడం కూడా ఆ క్షణాన తన బరువు దాని నెత్తిన పెట్టినట్టే అనిపించింది. చిట్టి స్లయిడు అడిగింది. ఇచ్చింది. పగలకుండా చిన్న డబ్బాలో దూదిపెట్టి ఇచ్చింది. అది సంచిలో పెట్టుకుని, "ఇక కొన్నాళ్లు రాకు" అని చిట్టి వెళ్లిపోయింది.

బుజ్జిదానికి తండ్రి మూలుగ ఇచ్చాడు. లెక్కలక్కదీ పరీక్షించారు గానీ సరిపోలేదు. పాపనీ తల్లినీ గాజు తలుపున్న గదిలో పెట్టారు. రోజూ మధ్యాహ్నం మరిది ఫోన్ చేసి అంకెలు చదివేవాడు. కొత్త మూలుగకి చోటివ్వడానికి వేసిన మందులకి పాప కణాలు పడిపోయాయి. సున్నా అయ్యాయి. పన్నెండు రోజులు సున్నాగానే ఉన్నాయి. "వదినా, ఇవాళా అంతే" అనేవాడు, అపరాధిలా. పదమూడో రోజున నూట నలభై అన్నాడు. ఆమె ఫోన్ పట్టుకుని ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుండిపోయింది. వేలల్లో ఉండాల్సిన చోట నూట నలభై, ఇంకెవరూ సంతోషించని అంకె. వాటిలో తండ్రి కణాలు ఎన్నో, కొక్కేలున్నవి ఎన్నో నెల తర్వాత గానీ తెలియలేదు. చాలా వరకు తండ్రివే. బొడ్డు దగ్గర పుండు మానింది.

స్లయిడు పట్టుకెళ్లాక అయిదు నెలల్లో చిట్టి ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ల్యాబులో ఎవరూ లెక్కలక్కను గుండీల గురించి ఆటపట్టించడం లేదు. ఏ రిపోర్టులోనైనా తెల్లకణాలు ఎక్కువుంటే, వార్డుకి తనే నడిచి వెళ్లి, పుండు ఎలా ఉందో కళ్లతో చూసి వచ్చేది. నర్సులు విసుక్కునేవారు. అయినా వెళ్లేది.

ఒక ఆదివారం పొద్దున మరిది వచ్చి, "చిట్టి రమ్మంది" అన్నాడు.

తలుపు తీసింది చిట్టే. బాగా చిక్కిపోయింది.

"చేతులు కడుక్కో. మోచేతుల దాకా."

కడుక్కుంది. చిట్టి పక్కనే నిలబడి, తువ్వాలు అందించింది.

"నీ మీద కోపం పోలేదక్కా. పోతుందని నాకనిపించడం లేదు. అబద్ధమెందుకు చెప్పాలి."

"ఊఁ."

"కానీ దీనికి పెద్దమ్మ ఉంది. ఆ మాట కూడా అబద్ధం కాదు కదా."

బుజ్జిది చాప మీద కూర్చుని ఉంది. జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. లెక్కలక్క వంగి చేతులు చాచింది. పాప ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూసి, పెదవి విరిచి ఏడుపందుకుంది. చిట్టి ఎత్తుకోగానే తల్లి మెడలో ముఖం దాచుకుంది.

"అలవాటవుతుందిలే" అంది చిట్టి, ఎటో చూస్తూ. "కూర్చో."

లెక్కలక్క గోడవారగా కూర్చుంది. పాప ఏడుపు ఆగేదాకా తలెత్తి చూడలేదు.