సందు కత్తిరించం

బుల్డోజరుతో ఇళ్ళు కూలగొట్టడం మీరు చూసే ఉంటారు. నేను మౌసుతో కూలగొట్టడం చూశాను. దుమ్ము లేదు, అరుపులు లేవు. మా సూపర్‌వైజర్ నా కుర్చీ వెనక నిలబడి, భుజం మీదుగా చెయ్యి చాపి మౌసు లాక్కున్నాడు. కాలవగట్టున నేను ఒక్కొక్కటిగా గీసిన ఇళ్ళ చుట్టూ ఒక పెట్టె లాగాడు. లోపలున్నవన్నీ నీలంగా వెలిగాయి. డిలీట్ నొక్కాడు. ఒక బస్తీ పోయింది.

"అయ్యో సార్! ఫొటోలో కప్పులు కనబడుతున్నాయిగా!"

"నీకు కనబడేవి కాదు, పైనుంచి చెప్పినవి గీయి," అన్నాడు. ఆ జాగా మొత్తానికీ ఒకటే గీత చుట్టి, లోపల గడ్డి రంగు నింపాడు. ఖాళీ స్థలమట!

మా పనేంటో చెప్పాలి మీకు. ఆకాశం నుంచి తీసిన ఊరి ఫొటో తెర మీద ఉంటుంది. దాని మీద ఇంటి మూలల్లో చుక్కలు పెట్టుకుంటూ పోయి, చివరి చుక్కని మొదటి చుక్కతో కలిపితే ఇల్లవుతుంది. వంకరపోతే చుక్క పట్టుకు లాగి సరిచేస్తాం. ఊరిని షీట్లుగా కోసి మనిషికొకటి ఇస్తారు. ఎవరి ముక్క వాళ్ళదే, ఊరు మొత్తం మాత్రం కంట్రాక్టరుది. ఈ మ్యాపులో ఇల్లుంటేనే సర్కారుకి ఇల్లున్నట్టు. లేకపోతే ఆ జాగా తీసుకోవడానికి పెద్దమనుషులు కాచుక్కూర్చున్నారు.

ఎంత ముక్కలు కోసినా, ఒక్క చోట మేం మాట్లాడుకోక తప్పదు. దాన్ని అంచులు కలపడం అంటాం. నా షీటులో రోడ్డు ఎక్కడ ఆగిందో పక్క షీటులో అక్కడే మొదలవ్వాలి. కలవకపోతే ఎర్రచుక్క పడుతుంది. ఎర్రచుక్క ఒక్కటున్నా సర్కారు ఆఫీసులో మ్యాపు తీసుకోరు.

నా పక్క షీటు వదినది. హాల్లో అందరికీ ఆవిడ వదినే. పనిలో ఎంత చురుకో నోట్లోనూ అంతే.

"ఏమయ్యా, నా సందు నీ అంచుదాకా వచ్చి మాయమైందేంటి? తినేశావా?" అని నవ్వుతూ వచ్చింది.

నేను తెర చూపించాను. నవ్వు ఆగిపోయింది.

"ఇళ్ళేవీ?"

"సార్ తీసేశాడు వదినా. పైనుంచి చెప్పారంట."

ఆవిడ వేలు తెర మీద పెట్టింది. "పంపు దగ్గర్నుంచి మూడోది నా ఇల్లు. మా అత్త మంచం దిగలేదు. ఇప్పుడు అక్కడే పడుకునుంది. ముసలిదాన్ని గడ్డిలో పడుకోబెట్టారా, దుర్మార్గులు!"

ఫోను తీసి ఆ తెరని ఫొటో తీసింది. సాయంత్రానికి కాలవగట్టంతా ఆ ఫొటో తిరిగింది.

మర్నాడు టీ వేళ అందరం మెట్ల మీద చేరాం. బస్తీ చుట్టూ షీట్లున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే బయటపడ్డారు. ఎర్రచుక్క పడకుండా అంచు దగ్గర సందు కత్తిరించమని సూపర్‌వైజర్ అందరికీ చెప్పాడట. ఎవరికి వాళ్ళే, ఇదేదో తమ ఒక్కరి షీటులో తప్పనుకున్నారు.

"మనం బొమ్మలు గీసేవాళ్ళం, బుల్డోజరు తోలేవాళ్ళం కాదు," అన్నాడు మాలో అందరికంటే పాత ఆపరేటరు. "మనకెందుకొచ్చిన గొడవ? నాకు పిల్లలున్నారు."

"తోలేవాడూ అదే అంటాడన్నా," అంది వదిన. "మ్యాపులో ఏం లేదు, గడ్డి మీద తోలానంటాడు. మరి మా పిల్లలెక్కడికి పోవాలి?"

"నన్నడిగితే నేనేం చెప్పను?"

"నిన్నే అడుగుతాను. సందు నీ చేతిలో ఉంది."

కొత్తగా చేరిన అమ్మాయి భయంగా, "ఉద్యోగం ఊడితే వదినా?" అంది.

వదిన అబద్ధం చెప్పలేదు. "ఊడొచ్చు. ఒక్కళ్ళు కాదంటే తప్పకుండా ఊడుతుంది. అందరం కాదంటే వాడు ఎవరితో గీయించుకుంటాడు? రేపే మ్యాపు అప్పజెప్పాలి."

నాకూ ఉద్యోగం కావాలి. కానీ ఆ గడ్డి రంగు తలుచుకుంటే ఒళ్ళు మండింది. "నా ఇళ్ళు నేను మళ్ళీ గీస్తాను," అన్నాను. పాత ఆపరేటరు టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"సరే, సందు కత్తిరించను. అంతకుమించి నన్నేం అడక్కండి."

"అంతే చాలన్నా," అంది వదిన.

లోపలికెళ్ళి నేను ఇళ్ళు గీశాను. సూపర్‌వైజర్ తుడిచాడు. మళ్ళీ గీస్తే నన్ను కుర్చీలోంచి లేపేశాడు. మిగతావాళ్ళు మౌసులు వదిలేసి చేతులు కట్టుకున్నారు. గడ్డి చుట్టూ ఎర్రచుక్కలు అలాగే ఉన్నాయి. కంట్రాక్టరు ఊగిపోతూ వచ్చాడు.

"కత్తిరించండి!"

"కత్తిరించం!" హాలంతా ఒక్క గొంతయింది.

ఇక సూపర్‌వైజరే కూర్చున్నాడు. పని మానేసి ఎన్నాళ్ళయిందో పాపం, పక్క హద్దులు అతుక్కుని ఉన్నాయని మర్చిపోయి, సందుల్ని కప్పేద్దామని గడ్డి అంచు పట్టుకు గుంజాడు. దాంతో పక్కనున్న ఆస్పత్రి గోడ కూడా లాక్కొచ్చి కాలవలో పడింది. "సార్, రోగుల్ని ముంచేశారు!" అని ఎవరో అన్నారు. అంత భయంలోనూ పగలబడి నవ్వాం.

ఆ నవ్వు మెట్ల మీద బూట్ల చప్పుడుకి ఆగిపోయింది. మ్యాపు దొంగిలించి బయటపెట్టిందని కంట్రాక్టరు వదిన మీద కేసు పెట్టాడు. పోలీసులు ఆవిణ్ణి రెక్కపట్టి లాక్కుపోతుంటే అడ్డం పడ్డాం. తోసేశారు. కిందనుంచి ఆవిడ కేక వినబడింది.

"మా అత్తకి మందు వెయ్యాలి! ఎవరైనా వెళ్ళండి!"

ఏడుస్తూనే వదిన ఇంటికి పరిగెత్తాను. మందు నేనే వేశాను. మమ్మల్ని గెంటేసి కంట్రాక్టరు ఆ సందులు ఎవరితోనో కత్తిరించుకున్నాడని అక్కడుండగానే తెలిసింది.

తెల్లారి మ్యాపు తీసుకునే ఆఫీసు ఆవరణకి బస్తీతో సహా వెళ్ళాం. ఇంకేమీ అడగొద్దన్న పాత ఆపరేటరు సున్నం బస్తా నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందొచ్చాడు. నేల మీద మూలమూలకీ చుక్క పెట్టి గీతలు కలిపాం. పంపు, సందులు, ఇళ్ళు, ఒక్కటీ వదల్లేదు. ఎవరింట్లోకి వాళ్ళు నడిచి వెళ్ళి కూర్చున్నారు. వదిన అత్తని మంచంతో సహా మోసుకొచ్చి మూడో ఇంట్లో దించాం.

పోలీసులు చుట్టుముట్టారు. ఇన్‌స్పెక్టరు మంచం దగ్గరికొచ్చి, "ముసలమ్మా, లే. ఎవరిదిది?" అన్నాడు.

"మా కోడలి ఇల్లు," అందామె పడుకునే. "మీ ఠాణాలోనే ఉంది. తీసుకురా. నిన్ను లోపలికి రానివ్వాలో వద్దో అదే చెప్తుంది."

ఇన్‌స్పెక్టరు బూటు సున్నపు గీత మీద ఉంది.

"కాలు తియ్యండి సార్," అన్నాడు పాత ఆపరేటరు. "అది గోడ."

"కాలు తియ్యి!" అని ఆవరణంతా అరిచింది.

ఇన్‌స్పెక్టరు మా మొహాలకేసి చూసి, కాలు వెనక్కి తీశాడు. గేటు దగ్గర లారీలోంచి ఇంకా పోలీసులు దిగుతున్నారు. మేం ఇళ్ళలోంచి లేవలేదు.